మెట్ల పక్క గోడ

"కట్టడం పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి గురువుగారూ?" అని పైడిరాజు అడిగాడు. అడగడం పేరుకే. జవాబు తన దగ్గరే ఉందన్న ధీమా ఆ గొంతులో వినిపిస్తూనే ఉంది. ఊళ్ళో కట్టబోయే టౌను హాలుకి అతను గీసిన ప్లాను బల్ల మీద పరిచి ఉంది. ఏ గోడ చూసినా, చివరికి మెట్ల పక్క గోడైనా సరే, లతలు, హంసలు, ఏనుగుల బారులు. అరచెయ్యంత ఖాళీ లేదు. అతని తమ్ముడు సైన్యంలో చేరి బర్మా వెళ్ళాడు. ఆ దిగులు మరిచిపోడానికే పాపం, రాత్రీ పగలూ ఈ కాగితం మీద కూర్చున్నాడు.

లక్ష్మీనృసింహం గారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. వయసులో ఉండగా ఇంగ్లండు వెళ్ళి కట్టడాల విద్య నేర్చుకొచ్చారు. ఎవరేమడిగినా అక్కడి సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు ప్లాను వంక చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అక్కడ కట్టడాలు కట్టే హార్కెట్ అనే దొర సంగతి ఎత్తుకున్నారు.

హార్కెట్ చిన్న వయసులోనే పెద్దవాళ్ళతో పోటీపడి నెగ్గి ఒక కోర్టు కట్టాడు. ఇక అక్కణ్ణించి లైబ్రరీలు, ఆస్పత్రులు, కచేరీలు అతని గుమ్మం వెతుక్కుంటూ వచ్చాయి. గర్వం ఉండేది, కాని అది ఉత్త గర్వం కాదు, పనితనం ఉన్నవాడి గర్వం. "నా గోడకి ఇంకో మేకు కొట్టడానికి చోటుండదు" అని నలుగురిలో అనేవాడు. అన్నంత పనీ చేసేవాడు. ఒక ఊరివాళ్ళు ముచ్చటపడి తమ పెద్దాయన పటం హాల్లో తగిలిస్తే, రైలెక్కి వెళ్ళి మరీ తీయించి వచ్చాడు.

అన్నిటికన్నా మిన్నగా కట్టింది సొంత ఊరి టౌను హాలు. అప్పటికి కొడుకు హ్యూ చేతికందొచ్చాడు. ఆ ప్లానులో మెట్ల పక్క గోడ ఒకటి హ్యూ గీసి, ఏ బొమ్మా వెయ్యకుండా వదిలేశాడు.

"ఇదేమిట్రా, నిద్రపోయావా?" అన్నాడు తండ్రి.

"అక్కడ ఇలా ఉండనిద్దాం నాన్నా. రేపు ఊరివాళ్ళకి దేనికైనా పనికొస్తుంది."

"ఊరివాళ్ళకేం తెలుసు? ఖాళీ వదిలేది చేతకానివాడు" అని హార్కెట్ నవ్వి, ఆ గోడ నిండా ద్రాక్షతీగలు గీసేశాడు. రాతిలో ఎంత లోతుగా చెక్కించాడంటే, గుత్తుల వెనక్కి వేళ్ళు దూరేవి. అందరూ అబ్బురపడ్డారు. హ్యూ కూడా మెచ్చుకున్నాడు, మంచి పిల్లవాడు.

తరవాత యుద్ధం వచ్చింది. హ్యూ ఫ్రాన్సు వెళ్ళాడు. అక్కడే పోయాడు. పాతిపెట్టడానికి శవం కూడా దొరకలేదు.

యుద్ధం ముగిశాక ఊరివాళ్ళంతా కలిసి, పోయిన పిల్లల పేర్లు టౌను హాల్లో రాయించాలనుకున్నారు. విడిగా స్తంభం కట్టించే శక్తి ఊరికి లేదు. హార్కెట్ టేపు పట్టుకుని తను కట్టిన హాల్లో గోడ గోడా తిరిగాడు. ఎక్కడా చదును లేదు. చివరికి మెట్ల దగ్గర ఆగాడు. తీగలు తీయించేద్దామంటే, అంత లోతు చెక్కిన రాయిని మళ్ళీ చదును చేస్తే గోడ పలచబడి పైకప్పు నిలవదని ఒకరు చెప్పనక్కర్లేకుండానే అతనికి తెలుసు. టేపు చుట్టేసి ఇంటికి వచ్చాడు.

"మీరు ఊరూరా అంతంత కట్టడాలు కట్టారు. నా బిడ్డ పేరుకి జానెడు గోడ లేకపోయింది" అంది భార్య.

చివరికి పేర్లు ఒక చెక్కపలక మీద రాయించి, దాన్ని స్టాండుకి ఎక్కించి హాల్లో ఒక మూల నిలబెట్టారు. హార్కెట్ రోజూ మధ్యాహ్నం వెళ్ళి దాని ఎదుట కాసేపు నిలబడి వచ్చేవాడు. ఒకనాడు వెళితే పలక కనిపించలేదు.

"సాయంత్రం డాన్సు ఉందయ్యా. అడ్డంగా ఉందని బొగ్గుల గదిలో పెట్టాం. పొద్దున్నే మళ్ళీ తెచ్చేస్తాం" అన్నాడు కాపలావాడు. వాడి తప్పేముంది?

బొగ్గుల గదిలో పలక గోడవైపు తిప్పి ఉంది. హార్కెట్ దాన్ని ఇవతలికి తిప్పి, కోటు చేత్తో కొడుకు పేరు తుడిచాడు. తరవాత పక్క పేరు, దాని పక్క పేరు. అన్నీ తుడిచి ఆ బొగ్గుల మీదే కూర్చుని భోరున ఏడ్చాడు. పైన బ్యాండువాళ్ళు వాయిద్యాలు సరిచూసుకుంటున్నారు. ఆ తరవాత అతను ఏ కట్టడమూ ఒప్పుకోలేదు.

గురువుగారు అంతటితో ఆపి కళ్ళజోడు పెట్టుకున్నారు. పైడిరాజు ప్లాను వంకే చూస్తున్నాడు.

"మీ తమ్ముడి దగ్గర్నించి ఉత్తరం వచ్చిందా నాయనా?"

"ఇంకా లేదండి."

"వస్తుందిలే" అన్నారాయన రబ్బరు అతని ముందుకు జరిపి. "ఎందుకైనా మంచిది, ఆ మెట్ల పక్క గోడ ఖాళీగా వదిలెయ్."