గేటు బయటి పంక్తి

ఎవరేం అడిగినా చిదంబరావధానిగారు సూటిగా జవాబు చెప్పినట్టు ఎవరూ ఎరగరు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసొచ్చేసరికి అడిగినవాడి నోరు దానంతటదే మూతపడేది. నగరం చివర, విల్లాల కాలనీ వెనక, రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారాయన.

ఆ కాలనీ సెక్రటరీ సుదర్శనం ఆయన శిష్యుడు. కాలనీ అంటే అలాంటిలాంటిది కాదు, కుక్కలక్కూడా వేళకు డాక్టరొచ్చి చూసిపోయే కాలనీ. దాని మెయిన్ గేటు దగ్గర కొన్ని నెలలుగా పోశెట్టి అనే ముసలాయన అడుక్కుంటున్నాడు. ఇల్లూ వాకిలీ లేదు, పడుకునేది బస్టాపులో. కారు ఆగితే చాలు, అద్దం దగ్గరకొచ్చి చెయ్యి చాస్తాడు. అది చూడలేకపోయారు కాలనీవాళ్లు. వ్యాన్ పిలిపించి ఊరవతల ఎక్కడో దింపించేద్దామని ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టారు. సెక్రటరీ ఊ అనడమే తరువాయి.

సుదర్శనం చెడ్డవాడు కాడు, పాపం. ఊ అనలేకా, ఊహూఁ అనలేకా ఆ పొద్దున్నే వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు. అపాత్రదానం పాపమంటారు కదా, ఈ మనిషి తాగుతాడని వాచ్‌మన్లు చెబుతున్నారు, మరి ఇలాంటివాడికి పెట్టొచ్చా, అసలు పాత్రుడో కాడో తేల్చుకునేదెలా అని అడిగాడు.

"ఇవాళ ఇంట్లో భోంచెయ్యకు," అన్నారు అవధానిగారు. "అతను అన్నం తినే వేళకు వెళ్లి ఎదురుగా నిలబడు. ఏమీ ఇవ్వకు, ఏమీ అడక్కు."

గురువుగారి మాట కాదనడం సుదర్శనానికి చేతకాదు. మిట్టమధ్యాహ్నం వెళ్లి నిలబడ్డాడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని ప్రాణం పీకుతూనే ఉంది. గోడ నీడన పోశెట్టి అప్పుడే పప్పన్నం పొట్లం విప్పాడు. ఎవరో డ్రైవరు ఇచ్చిపోయింది. తలెత్తి సెక్రటరీని గుర్తుపట్టాడు. తనను వెళ్లగొట్టబోయేది ఈయనేనని వాచ్‌మన్లు ఏనాడో చెప్పారతనికి. అయినా లేవలేదు, చెయ్యి చాచలేదు.

"తిన్నవా సారూ?" అన్నాడు.

మర్యాద కొద్దీ అందరూ అనే మాటే సుదర్శనం నోట వచ్చింది, అయింది, నువ్వు కానియ్యి అని. పోశెట్టి ఆ మొహంకేసి కాసేపు చూశాడు.

"మొఖం జూస్తె తిన్నట్టు లేదు. రా, కూసో." పొట్లం కాగితం చింపి, సగం అన్నం అందులోకి తోసి ముందు పెట్టాడు.

ఏం మనిషండీ! పెట్టే చెయ్యి అంటే అదీ. రేపటికి తనకు దొరుకుతుందో లేదో తెలీదు, ఎదుటివాడు తనకేం చెయ్యబోతున్నాడో మాత్రం తెలుసు. తెలిసే పెట్టాడు.

సుదర్శనం చెప్పులు విడిచి నేలమీద కూర్చున్నాడు. పక్కనుంచి కల్లు వాసన కొట్టనే కొట్టింది. అదే వేళకు కాలనీ ప్రెసిడెంటుగారి కారు గేటు దగ్గర ఆగింది. అద్దం దిగింది, వెంటనే పైకి పోయింది. సుదర్శనానికి చెవులు భగ్గుమన్నాయి. అయినా తల వంచుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు, అదీ అతని గొప్ప. పోశెట్టి సీసాలో నీళ్లు అతని చేతిమీద పోశాడు.

సుదర్శనం పెంకుటింటికి తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. "తాగుతాడండీ, నిజమే," అన్నాడు.

"తాగుతాడేమో. మరి నిన్ను పక్కన కూచోబెట్టుకునే ముందు అతను నీ గురించి ఏం విచారించాడు?"

"ఏమీ లేదండీ. తిన్నవా అన్నాడు, అంతే."

అవధానిగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"సాయంత్రం మీటింగుకు పోశెట్టిని కూడా పిలు. వచ్చాక, అందరి ముందూ నువ్వూ ఆ ఒక్క మాటే అడుగు."