పసుపు పొగమంచు

చెంగమ్మకి మందులన్నీ నోటికి వచ్చేశాయి. ఏ మందు పేరు అడిగినా అది దేనికి వాడతారో, ఎంత ఇవ్వాలో, ఎక్కువైతే ఏమవుతుందో గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తుంది. అయినా పెద్ద సిస్టర్ నోటి నుంచి "నీకు వచ్చిందమ్మా" అన్న మాట రావడం లేదు. ఆ పిల్ల దిగులు అదే.

పులికాట్ సరస్సు ఒడ్డున కన్యస్త్రీలు నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. దాన్ని ఆనుకునే నర్సింగ్ స్కూలు. పెద్ద సిస్టర్ అసలు పేరు స్కొలాస్టిక. ఆ స్కూల్లో మందుల పాఠం, అదే ఫార్మకాలజీ, అంటే ఆవిడే. ఆ జిల్లాలో సూది పట్టిన నర్సుల్లో ఆవిడ దగ్గర పాఠం విననివాళ్ళు తక్కువ. ఇప్పుడు పెద్దతనం. గుండె అంత బాగా లేదు. పాఠాలు మానేసి, కాన్వెంటు వెనక వరండాలో వాలుకుర్చీలో కూర్చుని సరస్సుని చూస్తూ ఉండేవారు.

చెంగమ్మది ఆ సరస్సులోనే వల వేసుకుని బతికే కుటుంబం. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కి ఈ ఒక్క ఫార్మకాలజీలో తప్పింది. మళ్ళీ తప్పితే చదువు మానిపించేస్తానని వాళ్ళ నాయన ఖచ్చితంగా చెప్పేశాడు. అప్పుడొచ్చి పెద్ద సిస్టర్ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పొద్దున్నే రా. నాకు మాత్ర ఇచ్చి, నీ పాఠం అప్పజెప్పి వెళ్ళు" అన్నారు ఆవిడ.

అలా రోజూ వచ్చేది. ఆవిడ వేసుకునేది డిగాక్సిన్ అనే గుండె మాత్ర. అది ఇచ్చేముందు మణికట్టు పట్టుకుని నాడి చూడాలి; మరీ నెమ్మదిగా ఉంటే ఇవ్వకూడదు. మొదట్లో చెంగమ్మ శ్రద్ధగానే చూసింది. ఎప్పుడు చూసినా నాడి బాగానే ఉండేది. పరీక్ష దగ్గరపడేకొద్దీ చూడటం తగ్గించింది. పెద్ద సిస్టర్ ఎదురుగా చక్కగా కూర్చునే ఉన్నారు కదా, ఇంకేం చూడాలి అనుకుంది. మాత్ర ఆవిడ చేతిలో పెట్టి, ఒక పక్కన నీళ్ళ గ్లాసు అందిస్తూనే ఇంకో పక్కన పాఠం మొదలుపెట్టేసేది.

ఆ చలికాలం పొగమంచు విపరీతంగా పట్టింది. పొద్దున్నే వరండాలో నిలబడితే నీళ్ళెక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఫ్లెమింగోలు నీళ్ళలో కాకుండా గాల్లోనే ఒంటికాలి మీద నిలబడ్డట్టు కనబడేవి. ఎక్కడో పడవ తెడ్డు చప్పుడు వినిపించేది, పడవ మాత్రం కనిపించేది కాదు. ఆ తెల్లదనంలో తన గొంతే తనకి దూరం నుంచి వస్తున్నట్టుండేది చెంగమ్మకి. కళ్ళు మూసుకుని, నిద్రలో నడిచేవాళ్ళలా ఒక మందు పేరు నుంచి ఇంకో మందు పేరుకి వెళ్ళిపోయేది.

ఒకరోజు పెద్ద సిస్టర్ పక్కన ఇడ్లీలు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి.

"తినలేదే సిస్టర్?"

"నోటికి సయించడం లేదమ్మా. కడుపులో తిప్పుతోంది."

"చలికి అంతే సిస్టర్. ఇవాళ నొప్పి మందులు అప్పజెప్తా, వినండి" అంది చెంగమ్మ.

ఆవిడ విన్నారు. మాత్ర వేసుకున్నారు.

మర్నాడు సరస్సు వైపు చూస్తూ, "ఆ పక్షుల్ని చూడు. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు లేవూ?" అన్నారు.

చెంగమ్మ తలెత్తి చూసింది. మంచులో పక్షులు తెల్లగా, రెక్కల అంచున కాస్త గులాబీ రంగుతో ఉన్నాయి. పెద్దవాళ్ళకి కళ్ళు అలాగే మసకేస్తాయి, పాపం, అనుకుంది.

"అవును సిస్టర్, చాలా బాగున్నాయి" అని మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మంచు ఇంకా దట్టంగా ఉంది. చెంగమ్మ ఆ రోజు గట్టిగా నిర్ణయించుకుని వచ్చింది. అడిగేయాలి. ఇంకా తనకి రానిదేమిటో తేల్చుకోవాలి.

మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టింది. గ్లాసు పట్టుకుని నిలబడింది.

"సిస్టర్, ఏ మందైనా అడగండి. ఒక్క ముక్క తప్పితే ఇంక మీ దగ్గరికి రాను. అన్నీ వచ్చినా మీరు సరే అనరు. ఎందుకని?"

పెద్ద సిస్టర్ అరచేతిలోని మాత్ర వైపు చూశారు. వేసుకోలేదు.

"దీని సంగతి చెప్పు."

చెంగమ్మకి నవ్వొచ్చింది. ఇంత తేలికైనదా! కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"డిగాక్సిన్. గుండె కొట్టే బలాన్ని పెంచుతుంది, వేగాన్ని తగ్గిస్తుంది. మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ తేడా చాలా తక్కువ. అందుకని జాగ్రత్తగా ఉండాలి…"

ఆవిడ రెండో చెయ్యి చాచి, చెంగమ్మ వేళ్ళు అందుకుని తన మణికట్టు మీద పెట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"…పెద్ద వయసు వాళ్ళలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. మందు ఒంట్లో ఎక్కువైతే ముందు ఆకలి పోతుంది. కడుపులో తిప్పుతుంది…"

వేళ్ళ కింద నాడి ఒకసారి కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టాలా వద్దా అని ఆలోచించుకుని కొట్టినట్టు ఇంకోసారి కొట్టింది.

"…తర్వాత… చూపు…"

మాటలు నెమ్మదించాయి. ఆ నాడి కొట్టినప్పుడే ఒక్కో మాటా నోట్లోంచి బయటికి వస్తోంది.

"…చూసేవన్నీ… పసుపుగా…"

మంచులో ఎక్కడో తెడ్డు నీళ్ళలో పడింది. చెంగమ్మ కళ్ళు తెరిచింది. పెద్ద సిస్టర్ ముఖం చూసింది. ఆ ముఖం వైపు అలా చూసి ఎన్నాళ్ళయిందో ఆ పిల్లకే గుర్తు రాలేదు. పెదాలు ఎండిపోయాయి. కళ్ళ కింద గుంటలు. ఆయాసం పైకి కనబడకుండా ఆవిడ నిమ్మళంగా ఊపిరి తీసుకుంటున్నారు.

గ్లాసు చెంగమ్మ చేతిలోంచి జారి నేల మీద భళ్ళుమంది.

"సిస్టర్… మీకు ఎట్టా ఉంది?"

పెద్ద సిస్టర్ మాత్ర ఉన్న అరచెయ్యి ఆ పిల్ల ముందుకి చాచారు. చెంగమ్మ ఆ మాత్ర లాక్కుని, ఆవిణ్ణి కదలొద్దని చెప్పి, మంచులోకి పరుగెత్తింది. ఆసుపత్రి గోడ ఎదురుగా వచ్చేదాకా తనెటు పోతోందో తనకే తెలియలేదు. ఏడుస్తున్నట్టు కూడా తెలియలేదు.

డాక్టరుగారు వచ్చారు. ఆవిణ్ణి స్ట్రెచర్ మీద వార్డుకి చేర్చారు. ఈసీజీ తీశారు, రక్తం పరీక్షకి పంపారు. వయసుతో కిడ్నీలు మందగించి, రోజూ వేసుకునే మాత్రే లోపల పేరుకుపోయిందని తేలింది. మందు ఆపేసి, మంచం పక్కన మిషను పెట్టి గుండెని కనిపెట్టుకుని ఉన్నారు. చెంగమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేర్చుకున్న మందుల్లో ఒక్కదాని పేరు కూడా ఆ వేళ ఆ పిల్ల మనసులోకి రాలేదు.

సాయంత్రానికి ప్రమాదం తప్పింది.

"శభాష్ అమ్మాయ్. వేళకి పట్టుకున్నావు" అని డాక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. చెంగమ్మ తల ఎత్తలేకపోయింది.

కొన్నాళ్ళకి పెద్ద సిస్టర్ లేచి కూర్చున్నారు. గంజి తాగారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పుస్తకం తెచ్చుకోకుండా వచ్చిన చెంగమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"సిస్టర్, మీకు ముందే అనుమానం వచ్చింది కదా?"

"వచ్చింది."

"నేను ఆ రోజు కూడా చూసుకోకపోయి ఉంటే, ఆ మాత్ర వేసుకునేవాళ్ళా?"

"లేదు" అని నవ్వారు పెద్ద సిస్టర్. "నేనూ కాస్త ఫార్మకాలజీ చదువుకున్నాను."

చెంగమ్మకి నవ్వు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మరి నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు సిస్టర్?"

పెద్ద సిస్టర్ రెండో చేత్తో ఆ పిల్ల తల నిమిరారు.

"చెప్పాను కదమ్మా. ఇడ్లీలు ముట్టని రోజూ చెప్పాను, పక్షుల్ని చూపించిన రోజూ చెప్పాను. నువ్వు చదువుకుంటున్నావు."