మూడొందల బండ్ల మట్టి

కొండకింది మఠంలో శివయోగి గారిని ఎవరైనా చిక్కుప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. అయ్యవారి వేదాంతమంతా కాళ్ళలోనే ఉందని శిష్యులు చాటున నవ్వుకునేవారు. ఆయన వెంట ఒకసారి నడిచి వచ్చినవాడు మాత్రం మళ్ళీ ఆ మాట అనేవాడు కాదు.

ఒక వానాకాలంలో ఆ నడక సింగన్న అనే శిష్యుడి వంతుకు వచ్చింది. తండ్రి పోయి ఇంకా నెల తిరగలేదు. ఇంటికి ఉన్నది చెరువు కింద నాలుగెకరాలు, అదే వాళ్ళ తిండి. ఆ ఊళ్ళో తరతరాల కట్టుబాటు ఒకటుంది. రైతు కాలం చేస్తే, పొలం అందుకునే వారసుడు అందులోని పైమట్టిని మూడొందల బండ్లు తోలి చెరువుకట్ట మీద పోయాలి. ఎకరాలు ఎన్నయినా సరే, బండ్లు మూడొందలే. పోశాకే పొలం అతనిదని ఊరు ఒప్పుకుంటుంది. ఈ కట్టుబాటు ఉండాలా, ఎత్తేయాలా అని ఊరు రెండుగా చీలి వాదులాడుకుంటోంది. మర్నాడే సభ. కొత్త వారసుడు కాబట్టి మొదటి మాట సింగన్నదే.

“మా పొలంలో జానెడు దాటితే అంతా రాయే సామీ. మూడొందల బండ్లు తీస్తే పావెకరం బండ తేలిపోతుంది. మా నాయన చెమటోడ్చి కాపాడిన మట్టి అది. ఆయన చచ్చిపోయినందుకు మేము ఊరికి జరిమానా కట్టాలా?” అన్నాడు సింగన్న.

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

చెరువు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాలుగు రోజుల కిందటి ముసురుకు కట్ట బయటివైపు సగం జారిపోయింది. మట్టిపనివాళ్ళు కింద దిమ్మిసలతో కొత్త మట్టిని మొత్తుతున్నారు. జారినచోట కట్ట కడుపు బయటపడి, రెండు నిలువుల ఎత్తున గోడలా నిలబడి ఉంది. ఎరుపు, నలుపు, పసుపు, బూడిదరంగు, ఒకదాని మీద ఒకటి బెత్తెడేసి పొరలు. సింగన్న ఎంచబోయి నడుమనే లెక్క తప్పాడు. ఒక్కో పొరా ఒక్కో ఇంటి చావు, ఒక్కో కొడుకు తోలిన బండ్లు.

పనివాళ్ళ పెద్ద హుసేనప్ప అతణ్ణి దగ్గరికి పిలిచాడు. “చెయ్యి పెట్టి చూడబ్బీ. దీనవతల నీళ్ళు నీ తలకంటే ఎత్తున ఉండాయి. ఈ సగం మాత్రం కదల్లేదు.”

సింగన్న అరచెయ్యి ఆనించాడు. మట్టి చల్లగా ఉంది. సరిగ్గా కళ్ళ ఎదుట, ఒక నల్లటి పొరలో శనగగింజలంత తెల్ల సున్నపురాళ్ళు కనిపించాయి. అలాంటివి ఆ ఊళ్ళో అతడి పొలంలో తప్ప మరెక్కడా లేవు. చిన్నప్పుడు తండ్రి నాగలి వెనక నడుస్తూ దోసిట్లో పోగేసుకున్నవే. తలెత్తి చూస్తే పైన అలాంటి పొరే ఇంకొకటి, ఆ పైన మరొకటి. ముత్తాత, తాత, నాయన ముగ్గురూ నీళ్ళకు వీపు ఆనించి నిలబడి ఉన్నారనిపించింది. వెనక్కి తిరిగితే కట్ట దిగువన తన నాలుగెకరాలు పచ్చగా ఉన్నాయి. తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

గురువుగారి వైపు తిరిగాడు. “రేపు సభలో మట్టి పోస్తానని చెబుతా సామీ. ఈ కట్టుబాటు ఉండాల్సిందేనంటా.”

గురువుగారు ఆ నల్లపొర మీద నాలుగు వేళ్ళూ అడ్డంగా ఆనించారు. తర్వాత దాని పైనున్న ఎర్రపొర మీద ఆనించారు. “ఇది ఎవరిది?” అని హుసేనప్పను అడిగారు.

“రామలింగప్పోళ్ళది సామీ. రెండొందల ఎకరాల ఆసామి.”

గురువుగారు వేళ్ళకంటిన మట్టి దులుపుకోలేదు. “చెప్పు నాయనా, తప్పకుండా చెప్పు. కట్టలో ఇద్దరి పొరలూ సమంగానే ఉన్నాయి. పొలాల్లో పడిన గుంటలు కూడా సమంగానే ఉన్నాయా అని, మాట ముగించి కూర్చునేముందు సభను ఒక్కసారి అడుగు.”