లోవబాబు కారూ, వెనక నుంచి వచ్చే కూతా

తుని ఊరవతల రైలుగేటు పక్కన ఉండే అమ్మాజీ ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట చెప్పేది వేరెవరో కాదు, అమ్మాజీయే. "ఈ రోజుల్లో ఎవరి మాట ఎవరు వింటన్నారమ్మా? మా ఇంట్లో మట్టుకు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే" అనేది ఆవిడ. ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దాడు నూకరాజు, చిన్నాడు లోవబాబు. ఇద్దరూ తల్లి పోలికే.

ఓసారి నూకరాజుకి జ్వరం వచ్చింది. కాంపౌండరు బిళ్ళలిచ్చి, అన్నం తిన్నాక వేసుకోమన్నాడు. జ్వరంలో అన్నం పెట్టరు గదా! వారం పాటు ఉప్మా పెట్టారు. అన్నం తినలేదు కాబట్టి బిళ్ళ వెయ్యలేదు. చివరికి జ్వరమే విసుగెత్తి వెళ్ళిపోయింది. అంతే, ఆ బిళ్ళల పొట్లం చూపించి తమ కట్టుబాటు గురించి వీధంతా చెప్పుకొచ్చింది అమ్మాజీ.

లోవబాబుకి ఓ పాత తెల్లకారు ఉంది. బాడుగలకి తిప్పుతాడు. మంచి కారే గానీ, వేగం నలభై దాటిందంటే వెనక నుంచి "ఊఁ..." అని ఒకటే కూత. తుని నుంచి సముద్రం దాకా ఆ కూత తెలియని గొడ్డు లేదు. ఇన్నాళ్ళూ లోవబాబు దాన్ని పట్టించుకోలేదు. హారన్ ఖర్చు కలిసొస్తోందనుకున్నాడు. కానీ ఇప్పుడు పట్టించుకోక తప్పలేదు. వరహాలు వచ్చిపడింది.

వరహాలు ఎవరంటే, సముద్రం ఒడ్డు పల్లెలో సన్నాయి వాయించే అప్పలస్వామి కూతురు. తండ్రి మేళంలో శ్రుతిపెట్టె ఆవిడే పట్టుకుంటుంది. ఓ పెళ్ళికి ఆ మేళాన్ని లోవబాబు తన కారులో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా అద్దంలో ఆ పిల్లనే చూశాడు. ఆ పిల్ల కూడా అద్దంలో చూసి ఓసారి నవ్వింది. ఇంకేముంది, అప్పట్నించీ లోవబాబుకి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే బతుకెందుకు అనుకున్నాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు.

అమ్మాజీ ఫోన్ చేసి సంబంధం మాట ఎత్తితే అప్పలస్వామి సూటిగా చెప్పేశాడు.

"కుర్రాడు మంచోడేనమ్మా. ఆ కారే మంచిది కాదు. మొన్న ఆ కారు దిగి పెళ్ళిలో సన్నాయి అందుకుంటే, నా నోట్లోంచి ఆ కూతే వచ్చింది. పెళ్ళోరు నవ్వేరు. మేళం వాళ్ళకి చెవే అన్నం పెడతాది. గురువారం నేనూ అమ్మాయీ మీ ఇల్లు చూడ్డానికి వస్తాం. ఆ కారే పంపండి. దార్లో కూత నా చెవిన పడిందా, అక్కడే దిగిపోతాం. సంబంధమూ లేదు, ఏమీ లేదు."

లోవబాబు వెంటనే అన్నని వెంటేసుకుని మెకానిక్ కాసులు షెడ్డుకి వెళ్ళాడు. కాసులు ఆ పూటే బావమరిది పెళ్ళికి బయల్దేరుతున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కారు కిందకి దూరే ఉద్దేశం లేదు. నిలబడే చెప్పాడు.

"వెనక చక్రాల మధ్య ఆ ఇనప గుండు చూడు, డిఫరెన్షియల్ అంటారు దాన్ని. అందులో పళ్ళచక్రాలుంటాయి. వాటికి ఆయిలు అందక అరుస్తన్నాయి. కింద నట్టు తీసి పాత ఆయిలు దింపెయ్యండి. వేడి మీద దింపితే మడ్డంతా వచ్చేస్తాది. తరవాత పక్క నట్టు తీసి కొత్తది పొయ్యండి. బయటికి కారడం మొదలెట్టగానే ఆపెయ్యండి. అంతే."

"అంతేనా?" అన్నాడు నూకరాజు.

"అంతే" అన్నాడు కాసులు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు ఆయిలు కొట్టుకి ముగ్గురూ నడిచి వెళ్ళారు. పెళ్ళి సంగతి గదా, పెద్దదిక్కు లేకపోతే ఎలా అని అమ్మాజీ కూడా వెళ్ళింది. కొట్టాయన "గేరాయిలా? తొంభై ఇమ్మంటారా, నూటనలభయ్యా?" అన్నాడు.

అమ్మాజీ అదిరిపడింది. "పెళ్ళి కావలసిన పిల్లాడండీ! నూటనలభైలో పోతే ఇంకేవన్నా ఉందా? తొంభై కూడా ఎక్కువే. అరవైది ఇయ్యండి."

"అది వేగం కాదమ్మా, చిక్కదనం" అన్నాడు కొట్టాయన.

"అయితే వేగం లేనిదే ఇయ్యండి."

కొట్టాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏ బండికి ఏ ఆయిలో కంపెనీవాళ్ళు చెబుతారు. మీ బండికి తొంభై పొయ్యాలి. కూత పెడతందంటున్నారు, కాస్త చిక్కటిది పోస్తే కూత అణుగుద్ది గానీ, రోగం తగ్గదు. ఆలోచించుకోండి."

ముగ్గురూ పక్కకెళ్ళి ఆలోచించుకున్నారు. అప్పలస్వామి రోగం గురించి ఏమీ అనలేదు. కూత గురించే అన్నాడు. కాబట్టి చిక్కటిదే కావాలి. నూటనలభై కొనేశారు. ఇంటికొచ్చాక అమ్మాజీ డబ్బా మూత తీసి, గరిటె ముంచి, పైకెత్తి చూసి పెదవి విరిచింది.

"ఇదా చిక్కన? మజ్జిగలా ఉంది. మోసం చేసేడ్రా!"

ఇంకేముంది, ఆయిలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. అరిసెల పాకం పట్టినట్టు కలుపుతూ కూర్చుంది. వీధంతా పొగ. పక్కింటివాళ్ళు గడప దాటి రోడ్డు మీదకొచ్చారు. వాసన తట్టుకోలేక గేటుమ్యాను రైలు రాకుండానే గేటు వేసుకుని లోపల కూర్చున్నాడు. ఆవిడ ముక్కుకి చెంగు కట్టుకుని కలుపుతూనే ఉంది, తీగపాకం రావాలి గదా మరి.

ఇటు కొడుకులిద్దరూ పాత ఆయిలు పనిలో పడ్డారు. గుండు మీద చెయ్యి వేసి చూస్తే చల్లగా ఉంది. నిన్నటి నుంచీ కారు కదల్లేదు. వేడి మీద దింపమన్నాడు కాసులు. మరి వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? నూకరాజుకి తట్టింది. తవుడు వేయించి, పాత పంచెలో మూటకట్టి, కారు కిందకి దూరి గుండుకి కాపడం పెట్టడం మొదలెట్టాడు.

దారిన పోయేవాళ్ళు ఆగారు. "ఏట్రా నూకరాజూ, కారుకి నడుం పట్టీసిందా?"

"కాదండీ, కూత" అన్నాడు నూకరాజు లోపలి నుంచి.

మూట మీద మూట మార్చారు. సాయంత్రానికి నూకరాజు చేతి వెనక భాగంతో తాకి, "ఒళ్ళు వెచ్చబడిందిరా" అన్నాడు. అంతే, లోవబాబు కింద నట్టు విప్పాడు. నల్లటి మడ్డి ధారగా కారింది. తరవాత పక్క నట్టు విప్పారు. అమ్మాజీ పాకం దించి చల్లార్చి తెచ్చింది. లోవబాబు గరాటా పెట్టి ఓ గ్లాసుడు పోశాడు. కాసేపటికి కింద నట్టు తీసిన కన్నంలోంచి బొట్లు బొట్లుగా కారడం మొదలైంది.

"కారిందిరా! ఆపెయ్!" అని అరిచాడు నూకరాజు.

లోవబాబు చటుక్కున ఆపేశాడు. "ఒక్క గ్లాసుకే నిండిపోయిందేటి?"

"మితంగా తినే బండిరా మనది" అంది అమ్మాజీ మురిసిపోతూ.

పోసేది అయిపోయింది గదా అని పక్క నట్టు పెట్టేశారు. కింద నట్టు లోవబాబు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ పెట్టాలా వద్దా అని ముగ్గురూ తర్జనభర్జన పడ్డారు. తియ్యమన్నాడు కాసులు. పెట్టమనలేదు. పైగా అంతే అన్నాడు కూడాను. చెప్పనిది చేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. అమ్మాజీ ఆ నట్టుని కడిగి, బొట్టుపెట్టి, దేవుడి గూట్లో పెట్టింది. ఆ కాస్త ఆయిలూ తెల్లారేసరికి నేల పాలైంది.

గురువారం లోవబాబు తలకి నూనె రాసుకుని, అన్నని తీసుకుని అప్పలస్వామి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడే కూత పెరిగినట్టు అనిపించింది. నూకరాజు కొట్టిపారేశాడు. "కొత్త ఆయిలు గదా, గొంతు సవరించుకుంటంది."

అప్పలస్వామి పట్టుపంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక నూకరాజు ఓ కిటికీ దగ్గర, వరహాలు ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో పళ్ళబుట్ట. కాకినాడ కాజా ఇచ్చినా తినేట్టు లేదు అప్పలస్వామి మొహం, చెవులు రిక్కించుకు కూర్చున్నాడు. కారు ముప్ఫై దాటింది. నలభై దాటింది. "ఊఁ..." అని మొదలైంది.

నూకరాజు ముందుకి వంగి తమ్ముడి చెవిలో, ఊరంతా వినపడేట్టు చెప్పాడు. "ఒరే, కూత వెనక నుంచి గదా వస్తంది! దానికంటే ముందుకెళ్ళిపో. అందుకోలేదు."

ఎంత మంచి మాట! లోవబాబు తొక్కాడు. కూత పెద్దదైంది.

"వెంటపడతందిరా! ఇంకా తొక్కు!"

ఇంకా తొక్కాడు. ఊఁ కాస్తా కేక అయింది, కేక కాస్తా కీచు అయింది. అప్పలస్వామి రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని "ఆపరా నాయనా!" అంటున్నాడు. కూతని ఆపమంటున్నాడనుకుని లోవబాబు ఇంకా గట్టిగా తొక్కాడు. అంతే. కింద ఏదో ఫెటేల్‌మంది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. కారు రోడ్డు మీద అడ్డంగా జారి, జీడితోట కంచె దగ్గర నిలబడింది. కింద నుంచి పొగ.

అప్పలస్వామి దిగాడు. పంచె దులుపుకున్నాడు. "పద అమ్మా. ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు.

లోవబాబు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. పెద్దవాడు, మీసాలున్నవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. "అన్నీ చెప్పినట్టే చేసేనండీ. ఒక్కటి కూడా నా సొంతంగా చెయ్యలేదండీ" అన్నాడు. అది మాత్రం పచ్చినిజం.

వరహాలు తండ్రి వెంట వెళ్ళలేదు. మేళం బళ్ళల్లో ఊళ్ళు తిరిగిన పిల్ల, వంగి కారు కిందకి చూసింది. "ఇక్కడ నట్టుండాలి. ఏదండీ?" అంది.

"దేవుడి గూట్లో ఉందండీ."

"అక్కడెందుకుందీ?"

"మళ్ళీ పెట్టమని ఎవరూ చెప్పలేదండీ."

వరహాలు తండ్రిని పక్కకి తీసుకెళ్ళింది. "నాన్నా, నువ్వు అమ్మ చెప్పిన మాట ఎప్పుడైనా విన్నావా?" అని అడిగింది.

అప్పలస్వామి మళ్ళీ పంచె దులుపుకున్నాడు.

"ఈయన వింటాడు. ఇలాంటోడు మళ్ళీ దొరకడు. సరిగ్గా చెప్పుకోవడం నా పని" అంది. అప్పలస్వామి ఆలోచించి, "సరే, కారు బాగుచేయించుకుని రమ్మను. కూత లేకుండా మా గుమ్మంలో దిగితే అప్పుడు మాట్టాడతాను" అన్నాడు.

వరహాలు లోవబాబు దగ్గరికొచ్చి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "కాసులు చేత పళ్ళచక్రాలు మార్పించండి. నట్లన్నీ గట్టిగా బిగించండి. తొంభై ఆయిలు మీరే దగ్గరుండి పొయ్యండి. డబ్బాలో చుక్క మిగలకూడదు. దార్లో ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యండి. సన్నాయితో ఎదురొస్తాం." లోవబాబు కళ్ళు తుడుచుకుని, ఆ మాటలన్నీ పైకి వల్లించాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

కాసులు పెళ్ళి నుంచి వచ్చి, కారు లాక్కెళ్ళి, నెత్తి కొట్టుకుంటూ లోపలి చక్రాలు మార్చాడు. ఆయిలు డబ్బా అందుకోబోతే లోవబాబు లాక్కున్నాడు. "నన్ను పొయ్యమంది" అన్నాడు. కాసులుకి ఓపిక లేదు. వెళ్ళిపోయాడు.

అన్నదమ్ములిద్దరూ ముందు నట్లన్నీ బిగించారు. కింద నట్టు, పక్క నట్టు, కనిపించిన ప్రతి నట్టూ. స్పానరు వంగేలా బిగించారు. ఆ తరవాత డబ్బా తీసుకుని కారు కిందకి దూరారు. పొయ్యడానికి కన్నం లేదు.

"ఎక్కడ పొయ్యాల్రా?" అన్నాడు నూకరాజు.

"ఎక్కడ అనేది ఆవిడ చెప్పలేదన్నయ్యా. పొయ్యమంది."

ఇంకేముంది, గుండు మీద పోశారు. అమ్మాజీ లింగానికి అభిషేకం చేసినట్టు నాలుగు పక్కలా తడిసేలా పోయించింది. డబ్బా బోర్లించి, దులిపి, చుక్క మిగలకుండా చూసింది. గుండు నిగనిగలాడింది.

ముగ్గురూ కొత్తబట్టలు కట్టుకుని బయల్దేరారు. కొత్త పళ్ళచక్రాలు గదా, పల్లె పొలిమేర దాకా కిక్కురుమనలేదు. అక్కణ్ణించి సన్నగా మొదలై, అప్పలస్వామి వీధిలోకి వచ్చేసరికి "ఊఁ..." అందుకుంది. అప్పలస్వామి గుమ్మంలో నిలబడి సన్నాయి ఊదుతున్నాడు. వరహాలు హారతి పళ్ళెం పట్టుకుంది. లోవబాబు చెయ్యి ఊపాడు. అమ్మాజీ దణ్ణం పెట్టింది. కారు ఊఁ అంటూ ఆ గుమ్మం ముందు నుంచి దూసుకుపోయింది.

వీధి అయిపోయింది. వలలు ఆరేసుకునే చోటు దాటింది. రోడ్డు అయిపోయింది. ఇసక మొదలైంది. వెనక చక్రాలు సగానికి దిగబడ్డాయి. కారు అంగుళం కదలడం లేదు, చక్రాలు మాత్రం తిరుగుతూ ఇసక చిమ్ముతున్నాయి. లోవబాబు కాలు తియ్యలేదు.

"ఆగిపోయేమేట్రా?" అంది అమ్మాజీ భయంగా.

"లేదే, తిరుగుతున్నాయి" అన్నాడు లోవబాబు.

వరహాలు ఇసకలో పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ కిటికీ పట్టుకుంది. "ఏటండీ ఇదీ? మా ఇల్లు దాటొచ్చేసేరేటి?"

"దార్లో ఎక్కడా ఆగొద్దన్నారు గదండీ."

"అంటే ఇంటి దగ్గర కూడానా?"

"మీ ఇల్లు దార్లోనే గదండీ ఉందీ!"

వరహాలు నుదురు కారుకి ఆనించుకుంది. ఆ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని లోవబాబు ప్రాణం విలవిల్లాడింది. తీరా తలెత్తితే, నవ్వు ఆపుకోలేక కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. వెనకాల సన్నాయి చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ వస్తున్న తండ్రిని కేకేసింది. "నాన్నా, ఇంక కూత సంగతి వదిలెయ్యి! ముహూర్తం పెట్టించు. ఈయన్నిలా వదిలేస్తే సముద్రంలోకి పోతాడు!"

"పొమ్మంటారా అండీ?" అని లోవబాబు వినయంగా అడిగి, గేరు మార్చాడు.