కప్తాను కాళ్ళ కింది నేల

ఒక కప్తాను ఉండేవాడు. రాజుగారి యుద్ధపు ఓడ నడిపేవాడు.

ఆ ఓడ మీద ఒక పద్ధతి ఉంది. కప్తాను ఏ మాట చెప్పినా, చుక్కాని పట్టినతను ఆ మాటే గట్టిగా తిరిగి చెప్పాలి. "ఎడమకి తిప్పు" అంటే "ఎడమకి తిప్పు" అని, అప్పుడు తిప్పాలి. గాలిహోరులో ఒకటి చెబితే ఇంకోటి వినపడుతుంది కదా, అందుకని. తిప్పగానే ఓడ ఒరిగేది. కప్తాను వెనక్కి చూసేవాడే కాదు. కాళ్ళ కింద చెక్క వాలితే పనైందని తెలిసిపోయేది.

అలా చాలా యుద్ధాలు గెలిచాడు. రాజుగారు సంతోషించి మంత్రిని చేశారు. రాజుగారి కొలువుకూటం సముద్రం ఒడ్డునే, ఇసుకలో కట్టారు.

కప్తానుకి ఒక అక్క ఉంది. ఒడ్డున పల్లెలో చేపలు ఎండబెట్టుకుంటుంది. తమ్ముడు మంత్రయ్యాడని విని వచ్చింది.

"ఒరే, సముద్రం ఏటికేడాది ముందుకొస్తోంది. పోయిన వానల్లో మా పొయ్యి దాకా వచ్చింది. రాళ్ళకట్ట వేయించరా."

"అదెంత పనక్కా," అన్నాడు.

కొలువులో నిలబడి "కట్ట వేయండి" అన్నాడు. అందరూ లేచి "కట్ట వేయండి" అన్నారు. ఓడ మీద కంటే గట్టిగానే అన్నారు. కప్తానుకి కడుపు నిండిపోయింది. కాళ్ళ కింద నేల మాత్రం కదల్లేదు. రాజుగారి ఇల్లు కదా, గట్టిగా కట్టి ఉంటారనుకున్నాడు.

వానల ముందు అక్క మళ్ళీ వచ్చింది.

"కట్ట ఏదిరా?"

"చెప్పానక్కా. అందరూ తిరిగి చెప్పారు కూడా."

"చెబితే? ఒక్క రాయి పడలేదు. అన్నవాళ్ళలో ఒక్కడి చేతికైనా మట్టి అంటిందేమో చూశావా?"

"కొలువు సంగతులు నీకు తెలీవులే," అని నవ్వి, మంచి పట్టుచీర ఇప్పించాడు.

"ఇది కట్టుకుని ఈదమంటావా?" అంది అక్క. చీర అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

వానలొచ్చాయి. అక్క పొయ్యి పోయింది, ఇల్లు పోయింది, పల్లె పోయింది. పల్లెవాళ్ళు గిన్నెలూ పిల్లల్నీ ఎత్తుకుని గుట్ట ఎక్కేశారు. సముద్రం కొలువులోకి వచ్చింది.

"గుట్ట మీదికి పదండి," అన్నాడు కప్తాను.

"గుట్ట మీదికి పదండి," అన్నారందరూ, ఎవరి ఆసనం మీద వాళ్ళు కూర్చునే.

ఇంతలో కింద ఇసుక కోసుకుపోయి, కొలువు నేల మెల్లగా ఒక పక్కకి ఒరిగింది.

కప్తాను మొహం విప్పారింది. వెనక్కి చూడలేదు.

"హమ్మయ్య," అన్నాడు. "ఇన్నాళ్ళకి తిప్పారు."

"ఇన్నాళ్ళకి తిప్పారు," అన్నారందరూ.