రాకుమారి మచ్చ, రాజుగారి శాసనం

ఒకానొక రాజ్యంలో పుట్టుమచ్చలకు కూడా దస్తరం ఉండేది. ఏటా విజయదశమినాడు రాచబడి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ఆస్థాన జ్యోతిష్కుడు అనంతభట్టు ఒక్కొక్కరి మచ్చలూ చూసేవాడు. ఎక్కడుంది, ఎంతుంది, ఏ రంగు అన్నది తాటాకు మీద తన చేత్తోనే రాసి జాతకం చెప్పేవాడు. ఆ ఆకులు భద్రం చేసే పని కొమ్మన అనే లేఖకుడిది.

రాజు ప్రతాపకేసరికి మచ్చలన్నా నమ్మకమే, తన మాటన్నా నమ్మకమే. రెండోది కాస్త ఎక్కువ. ఆయనకు ఒక్కతే కూతురు, పదేళ్ళ మైలమ. ఆ పిల్ల ఎడమ భుజం మీద నల్లమచ్చ ఒకటి ఏటేటా పెరుగుతోంది. "మచ్చ పెరిగినట్టే తమ రాజ్యమూ పెరుగుతుంది ప్రభూ" అన్నాడు భట్టు. రాజు ఉబ్బిపోయాడు.

రాజవైద్యుడు మల్లెన మాత్రం దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. "పిల్లలకు మచ్చలు మామూలే ప్రభూ. ఎండలో ఎక్కువ తిరిగేవాళ్ళకు ఇంకాస్త ఎక్కువుంటాయి. వాటిలో చాలావాటితో భయం లేదు. ఇది మాత్రం అంచులు వంకరపోయి, రంగు మారి, పెరుగుతోంది. ఇప్పుడే కోసి తీసెయ్యాలి. ఆలస్యమైతే రాచపుండై ప్రాణం తీస్తుంది."

"నా చక్రవర్తి యోగాన్ని కోస్తావా?" అని రాజు అతన్ని చెరసాలలో పెట్టించాడు. ఆ మచ్చ మీద కత్తి పెట్టినవాడి చెయ్యి తీయిస్తానని చాటింపు వేయించాడు. ఉన్న కూతురికన్నా లేని రాజ్యమే ఆయనకు ముద్దొచ్చింది మరి.

విజయదశమి వచ్చింది. ఆ ఉదయం మైలమ రవిక భుజం దగ్గర నెత్తుటి మరక కనిపించింది. పుస్తకాల సంచి పట్టీ రాచుకుందట. రాణి కొమ్మనను పిలిపించి, "ఎలాగైనా ఆయన మనసు తిప్పు నాయనా" అని ఏడ్చింది. కొమ్మన ఆకుల కట్ట తీసుకుని బడికి వెళ్ళాడు.

రాజు పీఠం మీద కూర్చున్నాడు. పిల్లలు నిలబడ్డారు. భట్టు గంటం తీయగానే కొమ్మన ముందుకొచ్చాడు.

"భట్టుగారూ, చిన్న సందేహం. ఈ మచ్చలు రాసేదెవరండీ?"

"ఇంకెవరు, బ్రహ్మ. తల్లి కడుపులోనే రాసేస్తాడు."

"తర్వాత దిద్దడం, చేర్చడం ఉంటుందా?"

"బ్రహ్మరాత మారుతుందటయ్యా? రాశాడంటే అంతే, మళ్ళీ ముట్టుకోడు."

కొమ్మన రాజు వైపు తిరిగి దండం పెట్టాడు. "ప్రభూ, ఒక ఫిర్యాదు. తమ రాజ్యంలో పూర్తయిన రాతకు ఎవరో దొంగచాటుగా చేరుస్తున్నారు. నాలుగేళ్ళుగా."

రాజు ముఖం ఎర్రబడింది. ఈ విషయంలో ఆయన ఎవరినీ వదలడు. సొంత బావమరిది పాత శాసనంలో మామిడితోట ఒకటి చేర్చి చెక్కించుకుంటే, ఆ వరసను అందరి ముందూ ఉలితో తీయించిన మనిషి. "చేర్చింది ఈ పూటే చెక్కి పారెయ్యండి. అడ్డమొచ్చినవాడి చెయ్యి తీయిస్తాను."

"ఎవరి సొత్తు మీదున్నా సరేనా ప్రభూ?"

"నా ఇంట్లో ఉన్నా సరే."

కొమ్మన ఆ మాట ఆకు మీద రాసి ముందుపెట్టాడు. రాజు ముద్ర వేశాడు.

అప్పుడు కొమ్మన కట్ట విప్పాడు. "రాకుమారి మైలమ, ఎడమ భుజం. మొదటి ఏడు, ఆవగింజంత, గుండ్రం, నలుపు. రెండో ఏడు, మిరియమంత. మూడో ఏడు, శనగగింజంత, అంచు వంకర. నిరుడు, చింతగింజంత, ఒక పక్క గోధుమ, ఒక పక్క నీలినలుపు. మిగతా పిల్లల మచ్చలు వాళ్ళ ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు కాస్త సాగాయంతే. బ్రహ్మ రాసింది ఆవగింజంత ప్రభూ. మిగతాది ఆయన రాయలేదని భట్టుగారే చెప్పారు. చేర్చింది చెక్కెయ్యమని తమరే చెప్పారు."

భట్టు వంగి ఆకులు చూశాడు. అన్నీ తన చేతిరాతే. రాజు చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. కొమ్మన తల వంచుకుని నిలబడ్డాడు.

"నాయనగారూ, ఇవాళ నెత్తురొచ్చింది" అంది మైలమ, మెల్లగా.

రాజు లేచి వెళ్ళి కూతురి భుజం చూశాడు. నాలుగేళ్ళుగా ఆ మచ్చ గురించి వినడమే తప్ప ఆయన దాన్ని కళ్ళారా చూసింది లేదు. "మల్లెనను తీసుకురండి. పరిగెత్తండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మల్లెన మచ్చను మొదలంటా తీసేశాడు. నెల తిరిగేసరికి పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది.

మరుసటి విజయదశమికి రాజు తనే ముందొచ్చి కూర్చున్నాడు. మైలమ వంతు రాగానే భట్టు రాసిన ఆకు అడిగి తీసుకున్నాడు. 'మచ్చ లేదు. గాటు మానింది. పిల్ల క్షేమం.' రెండుసార్లు చదువుకుని, తడికళ్ళతోనే నవ్వాడు.

"నా ముద్రతో నా చేతులే కట్టేశావు కదయ్యా కొమ్మనా. ఏం కావాలో కోరుకో."

"సాము నేర్చుకునే చోట పందిరి వేయించండి ప్రభూ. పిల్లలు పొద్దస్తమానం భుజాల మీద గుడ్డలేకుండా ఎండలో ఉంటున్నారు. ఈ దస్తరం మల్లెనగారికి అప్పగించండి."

"మరి భట్టు?"

"భట్టుగారి చేతిరాత ముత్యాలు కదా ప్రభూ. మల్లెనగారు చూసి చెబుతారు, ఈయన రాస్తారు."

రాజు పడీపడీ నవ్వాడు. పందిరి వేయించి, కొమ్మనకు బంగారు గంటం ఇచ్చాడు. భట్టు తన పాత గంటం పట్టుకుని వైద్యుడి పక్కన కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాశాడు.