ప్రతి సంచీ మంత్రిగారింటికే

వెదురుకోట రాజ్యంలో విస్తళ్ళు కుట్టి బతికే సింహాద్రమ్మ నెత్తిన ఒకనాడు పిడుగులాంటి చాటింపు పడింది. ఇకమీదట అన్నం, కూర ఆకుల్లో కట్టకూడదట. ఓడల మీద వచ్చిన కొత్తరకం సంచుల్లోనే కట్టాలట!

ఆమె తిన్నగా ఆ చాటింపు వేయించిన మంత్రి చిత్రభానుడి దగ్గరికి వెళ్ళింది.

"నీ ఆకులోంచి పులుసు కారిపోతుందే! ఈ సంచిలోంచి చుక్క కారదు. వెయ్యేళ్ళయినా చివకదు!" అన్నాడు మంత్రి మీసం దువ్వుతూ.

పులుసు మాట నిజమే. సింహాద్రమ్మ కాదనలేదు.

"వెయ్యేళ్ళుండే వస్తువును వీధిలో పారేస్తే తమకెంత అప్రతిష్ఠ అయ్యా! వాడిన ప్రతి సంచీ తమరింటికే చేర్చమని చాటించండి" అంది. మంత్రి ఉబ్బిపోయి సరేనన్నాడు.

అక్కణ్ణుంచి ఆమె కుమ్మరి గురవయ్యనీ, బుట్టలల్లే పోలయ్యనీ కలిసింది. ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. పులుసుకు మట్టిముంత, అది పగలకుండా చుట్టూ వెదురుబుట్ట, పైన మూతగా మోదుగాకు.

పదిరోజులకు వాడిన సంచులతో మంత్రిగారి పెరడు నిండింది, వసారా నిండింది, వంటింటికి దారి మూసుకుపోయింది. వీధి తలుపైతే తెరుచుకోనేలేదు. ఆకలికి తాళలేక మంత్రి మేడమీంచి కేకేసి తాడు వదిలాడు. సింహాద్రమ్మ దానికి తన బుట్ట కట్టింది.

ఆవురావురుమని తిన్నాక మంత్రి ఆకునూ, ముంతనూ, బుట్టనూ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, ఇవి కూడా నా ఇంట్లోనే ఉంచుకోవాలా?"

"అక్కర్లేదయ్యా! ఆకు కిందికి విసిరితే ఆవు తింటుంది. ముంతా, బుట్టా దింపండి. రేపు మీకు అన్నం వాటిలోనే తేవాలి."

బుట్ట దిగింది. అందులో ఖాళీ ముంతతోపాటు, చాటింపు రద్దుచేస్తూ మంత్రి రాసిన తాటాకు కూడా ఉంది.